గోడ వైపు తిప్పిన కుండీ

ఆ వేసవిలో మా ఇంటికి ఇద్దరు కాపురానికొచ్చారు. ఒకరు మా అత్తయ్య, రెండోది ఆవిడ కలబంద. ఎవరికి ఎంత వెలుతురు సరిపడుతుందో తేల్చుకోవడానికి మాకు మూడు నెలలు పట్టింది. ఈలోగా ఆ ఇద్దరిలో ఒకరిని నేనే కాల్చేశాను. చెప్పడం మరిచాను, నేను బీఎస్సీ బోటనీ, ఫస్టు క్లాసు.

అత్తయ్య నలభై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపింది. కింద స్టూడియో, పైన ఇల్లు. ఆ భవనం పాతబడిందని పడగొట్టేస్తుంటే, రెండు ట్రంకు పెట్టెలు, మూడుకాళ్ల స్టాండు, కెమెరా, తోలు సంచీలో లైట్ మీటర్, మట్టికుండీలో కలబంద తీసుకుని మా దగ్గరికి వచ్చేసింది. స్టూడియో దీపాలకు వేళ్లు కాలినప్పుడల్లా ఆ కలబంద ఆకు ఒకటి తుంచి రాసుకునేదట. అన్నాళ్లూ అది వెనక మెట్ల మీద ఎవరి ఊసూ లేకుండా పెరిగింది.

ఇంట్లో అడుగు పెట్టిన రోజే ఆవిడ హాల్లో ఉత్తరపు కిటికీ పక్కన స్టూలు వేసి, కుండీ దాని మీద పెట్టి, కిటికీకి పల్చటి తెల్లగుడ్డ కట్టేసింది.

"ఇదీ లైటంటే. మెత్తగా పడుతుంది. ముక్కు పక్కన నీడ గీత కూడా రాదు."

"అది మొక్క అత్తయ్యా. దానికి ముక్కు లేదు."

"లేకపోతే? అందంగా కనబడక్కర్లేదా?"

మనుషుల్ని నలభై ఏళ్లు అందంగా చూపించిన మనిషితో నేనేం వాదిస్తాను? మా హాల్లో గోడ మీదే పదిహేడు సాక్ష్యాలున్నాయి. మా అమ్మాయి పుట్టినప్పటి నుంచీ ప్రతి పుట్టినరోజుకూ నానమ్మ తీసిన ఫోటోలు. మొదటి ఆరింటిలో పిల్ల కళ్లు మూసుకునే ఉంది. కెమెరా చప్పుడైతే చాలు రెప్పలు పడిపోయేవి. అందుకే ఆవిడ దాన్ని రెప్పలరాణి అంటుంది. మొటిమలు, దోమకాట్లు, బల్ల అంచు తగిలిన గాటు, ఏవీ ఆ ఫోటోల్లో ఉండవు. నెగెటివు మీద సన్నపెన్సిలుతో మచ్చలు మాయం చేయడంలో అత్తయ్యకు పెట్టింది పేరు. వానలు మొదలయ్యే రోజుల్లో పిల్లకు పద్దెనిమిది నిండుతాయి. మా ఆయన పద్దెనిమిదో ఫోటోకు మేకు ముందే కొట్టేశాడు, కొంచెం వంకరగా.

"పద్దెనిమిది పెద్ద ఫోటో నానమ్మా. ముందు ఒకటి ఊరికే తీసి చూద్దామా?" అని పిల్ల మొదటి వారంలోనే అడిగింది.

"లైటు సరిగా లేదే," అంది అత్తయ్య. అని వెనక గదిలోకి వెళ్లి కర్టెన్లు మూసుకుంది.

ఆ కర్టెన్లు మళ్లీ తెరుచుకోలేదు. ఆవిడ భోజనానికి వస్తుంది, తింటుంది, పళ్లెం కడిగి బోర్లిస్తుంది, మళ్లీ చీకట్లోకి వెళ్లిపోతుంది. పిల్ల రెండు మూడుసార్లు కెమెరా దుమ్ము దులిపి మరీ తెచ్చి ముందు పెట్టింది. ప్రతిసారీ అదే మాట, లైటు సరిగా లేదు.

మా ఆయన ఎక్కడో చదివి వచ్చి రోగం తేల్చేశాడు. "అమ్మకి దిగులు. స్టూడియో పోయిందిగా. దిగులున్నవాళ్లు వెలుతురు చూడలేరట. వాళ్లకి వెలుతురే మందట."

ఆ సాయంత్రమే ఆవిడ గదిలో ఒక దీపం బిగించాడు. వేయగానే గదిలో సూర్యుడు దిగినట్టయింది. మర్నాడు పొద్దున నేను టీ తీసుకెళ్తే అత్తయ్య తువ్వాలు నెత్తి మీదుగా కళ్ల దాకా లాక్కుని కూర్చుని ఉంది.

"ఏంటత్తయ్యా అది?"

"నీ మొగుడి ప్రేమ. కళ్లలో గుచ్చుకుంటోంది. మీటలు నాకు అందనంత పైన పెట్టించారు, కాస్త ఆర్పి వెళ్లమ్మా."

ఆర్పాను. "చూశావా, దిగులే," అన్నాడు మా ఆయన. నేనూ నమ్మాను. ఇంట్లో ఒకే ఒక్క అభిప్రాయం ఉన్నప్పుడు దాన్ని నమ్మడం సుఖం.

అత్తయ్య సంగతి అలా ఉంటే, హాల్లో కలబంద ఒంట్లో సత్తువ లేనట్టు వేలాడసాగింది. బల్లేల్లా నిలబడాల్సిన ఆకులు సన్నగా సాగి, రంగు వెలిసి, కుండీ అంచు మీద నుంచి కిందికి వాలిపోయాయి. వెలుతురు చాలని కలబంద అలాగే చేస్తుంది. అది నాకు తెలుసు, పరీక్షలో రాశాను కూడా.

"బాల్కనీలో పెడదామండీ, ఎండ కావాలి దానికి," అన్నాను అత్తయ్యతో.

"వద్దమ్మా. ఎండ మంచి లైటు కాదు. ఎవరి మొహమైనా ఎండలో బాగుంటుందా? కళ్లు చికిలించి, నుదురు ముడిచి..."

"దానికి నుదురు కూడా లేదత్తయ్యా."

"నీకు పెళ్లిచూపుల ఫోటో తీసింది ఎవరు?"

"మీరే."

"ఎండలో తీశానా?"

ఆ ఫోటో చూసే మా ఆయన నన్ను చేసుకున్నాడు. కాబట్టి ఆ వాదనలో గెలవడం నాకే నష్టం. కానీ మర్నాడు మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుండగా చప్పుడు చేయకుండా కుండీ ఎత్తుకెళ్లి పడమటి బాల్కనీలో పెట్టేశాను. సాయంత్రం ఆవిడ లేచేలోపు మళ్లీ స్టూలు మీదికి చేర్చాను. అలా మూడు రోజులు. దొంగకాపురంలా సాగింది మా వ్యవహారం.

నాలుగో రోజు చూస్తే మొక్క మొత్తం ఇటుక రంగుకు తిరిగింది. బాల్కనీ రెయిలింగు వైపున్న మూడు ఆకుల మీద అరచేయంత మేర కమిలి, ఎండిన కాగితంలా తేలిపోయింది. నెలరోజులు నీడపట్టున ఉన్నదాన్ని ఒక్కసారిగా మండుటెండలో నిలబెట్టాను మరి. ఇది కూడా పుస్తకంలో ఉంది. ఆ పేజీ పరీక్షకు రాదని వదిలేసినట్టున్నాను.

కుండీని స్టూలు మీద పెట్టి, కాలిన వైపు గోడకు తిప్పాను. ఇక చీవాట్ల కోసం సిద్ధమయ్యాను. ఎందుకంటే, నెగెటివులో ఆవగింజంత మచ్చను పట్టుకునే మనిషి దగ్గర ఇటుక రంగు మొక్కను దాచడం అయ్యే పని కాదు.

అత్తయ్య భోజనానికి వస్తూ స్టూలు దగ్గర ఆగింది. వంగి ఆకుల్ని తడిమింది. ముందువాటిని, పక్కవాటిని, గోడకూ కుండీకీ మధ్య చెయ్యి పెట్టి వెనకవాటిని కూడా.

"బాగానే ఉంది. పచ్చగా," అంది. చెయ్యి కొంగుకు తుడుచుకుని వెళ్లి కూర్చుంది.

బతికిపోయాననుకున్నాను. అన్నం వడ్డిస్తున్నంతసేపూ లోలోపల నవ్వుకున్నాను కూడా. కానీ గిన్నెలు తోముతుంటే ఆ "పచ్చగా" అన్న మాట సింకులో నీళ్లలా గిర్రున తిరిగింది.

మర్నాడు మార్కెట్టు వెనక నర్సరీ ఆయన దగ్గరికి వెళ్లాను. ఫోనులో తీసుకెళ్లిన బొమ్మ చూసి ఆయన ముక్కు మీద వేలేసుకున్నాడు.

"ఎవరమ్మా ఇంత పని చేసింది?"

"మా పక్కింటావిడ."

"చదువుకుందా?"

"బోటనీ అట."

"అదీ సంగతి!" అన్నాడాయన జాలిగా. "ఆవిడకి చెప్పండి. కలబందకి ఎండ కావాలి, నిజమే. కానీ నీడ నుంచి ఎండకి నడిపించుకెళ్లాలి, తోసెయ్యకూడదు. మొదట పొద్దుటి ఎండ, ఒక గంట, మీద పల్చటి గుడ్డ. మూడు రోజులకోసారి అరగంట పెంచండి. తర్వాత గుడ్డ తీసెయ్యండి. మట్టి పొడిగా అయ్యేదాకా నీళ్లు పొయ్యొద్దు. కుండీని రోజూ కాస్త తిప్పుతూ ఉండండి, లేకపోతే ఒకవైపుకి ఒరిగిపోద్ది."

"కాలినవి మళ్లీ పచ్చబడతాయా?"

"ఆ మచ్చ పోదమ్మా. మొక్క బతికితే మధ్యలోంచి కొత్తది లేస్తుంది. పక్కింటావిడని బాధపడొద్దనండి."

ఇంటికొచ్చి తూర్పు వైపున్న వంటింటి బాల్కనీలో చోటు చేశాను. కానీ ప్రతిరోజూ ఎండ ఎంత ఉందో కొలిచేదెవరు? అప్పుడే నాలో ఉన్న కోతి ఒకసారి గెంతింది. ఆవిడను గదిలోంచి బయటికి లాగాలంటే ఆవిడ విద్య నాకు అవసరమవ్వాలి.

"అత్తయ్యా, మీరన్నదే రైటు. లైటు చూడకుండా మొక్కలు పెట్టకూడదు. మీ మీటరు పట్టుకుని రోజూ పొద్దున ఒక్క నిమిషం చెప్తారా, ఎంత పడుతోందో?"

ఆవిడ చెయ్యి దిండు పక్కనున్న తోలు సంచీ మీదికి వెళ్లింది.

"గుడ్డ కడతావా?"

"మీ స్టూడియో గుడ్డే."

"అయితే పద."

అలా మొదలైంది. పొద్దున ఏడున్నరకు ఆవిడ చీర చెంగు నుదుటి మీదికి లాక్కుని బాల్కనీ గుమ్మంలో నిలబడేది. ఆ మీటరు అరచేతిలో పట్టేంత ఉంటుంది. మీద తెల్లటి బుడగ, కింద డయల్లో సన్నటి ముల్లు. బుడగను ఆకుల మీద పట్టుకుని, ముల్లు వంక చూసి ఆవిడ అంకె చెప్పేది. నేను గోడకున్న క్యాలెండరు గళ్లలో రాసేదాన్ని. తొమ్మిది. పది. పది. గుడ్డ తీశాక పన్నెండు.

"ఏమో అనుకున్నా గానీ, మీ బాల్కనీ నా స్టూడియో కన్నా నయమే," అంది ఒకరోజు. మా ఆయన నావైపు చూసి కనుబొమలెగరేశాడు. దిగులు తగ్గుతోందని ఆయన లెక్క.

కుండీని మాత్రం నేను తిప్పలేదు. తిప్పితే కాలిన వైపు ఆవిడ ముందుకొస్తుంది. ఎప్పుడూ అది గోడ వైపే. కలబంద మెల్లగా వెలుతురు వైపు వంగడం మొదలుపెట్టింది. అయినా రంగు తేరుకుంది, నడిమధ్యన వేలెడంత కొత్త ఆకు నిటారుగా లేచింది.

రెండు వారాలయ్యాక ఒక పొద్దున ఆకాశం మూసుకుపోయింది. ఎదురింటి మేడ కూడా మసక మసకగా ఉంది. నేను వంటింట్లో దీపం వేసుకుని పని చేస్తున్నాను. అత్తయ్య వచ్చి, మామూలుగానే మీటరు పట్టుకుని, మామూలుగానే చూసి,

"పన్నెండు," అంది.

పెన్సిలు పట్టుకుని ఆవిడ భుజం మీదుగా చూశాను. ముల్లు రెండు దగ్గర పడుకుని ఉంది.

ఆవిడ మొహం డయలుకు జానెడు దూరంలో ఉంది. కళ్లు దాని మీదే ఉన్నాయి.

"ఎంతన్నారు?"

"పన్నెండు. రాసుకో."

రాసుకున్నాను. పన్నెండు. ఆ గడి ఇప్పటికీ ఆ క్యాలెండర్లో అలాగే ఉంది. తర్వాత పప్పు మాడింది. మూసిన కర్టెన్లు, తలమీద తువ్వాలు, పచ్చగా ఉన్న ఇటుక రంగు మొక్క, రోజూ సరిగా ఉండని లైటు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా పక్కన నిలబడ్డాయి. దిగులా, పాడా! ఆవిడకు కనిపించడం లేదు.

మీకు కనిపించడం లేదు కదా అని అడగొచ్చు. అడిగితే "కనిపిస్తోంది" అంటుంది, దాంతో తలుపు మూసుకుపోతుంది. ఆవిడను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. అందుకే రెండు రోజులాగి,

"అత్తయ్యా, సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను. కళ్ల డాక్టరు దగ్గరికి తోడొస్తారా? ఒక్కదాన్నే వెళ్లాలంటే భయం," అన్నాను.

"ఈ వయసుకే? మొక్కజొన్న పొత్తులా ఉన్నావు," అని గొణిగింది గానీ వచ్చింది.

డాక్టరమ్మకు ముందు రోజే ఫోన్ చేసి చెప్పి ఉంచాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా గోడ మీద వెలిగే తెర మీది అంకెలు చదవమంది. ఏడు, నాలుగు, రెండు, తొమ్మిది, మూడు, ఎనిమిది... కింది వరస దాకా గట్టిగా చదివాను. అత్తయ్య నా వెనక బెంచీ మీద కూర్చుని ఉంది.

"మీ కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి," అంది డాక్టరమ్మ. "అమ్మా, ఎలాగూ వచ్చారు కదా, మీరూ ఒకసారి కూర్చోండి."

"నాకెందుకమ్మా? నేను తోడొచ్చాను."

"తోడొచ్చినవాళ్లకి ఊరికే చూస్తాను."

అత్తయ్య కూర్చుంది. వెన్ను నిటారుగా పెట్టి, గోడవైపు సూటిగా చూస్తూ, ఎక్కడా తడబడకుండా అప్పజెప్పింది. "ఏడు, నాలుగు. రెండు, తొమ్మిది, మూడు. ఎనిమిది..." కింది వరస దాకా, ఒక్కటి తప్పకుండా.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుంది. "అమ్మా," అంది చాలా మెల్లగా, "ఇందాక నేను బోర్డు మార్చాను. ఇది చిన్నపిల్లల బొమ్మల బోర్డు. మొదట ఉన్నది బాతు."

అత్తయ్య కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ గోడవైపు చూసింది.

"పక్కనున్నది?" అంది.

"గొడుగు."

"మీ బోర్డు మీద లైటు సరిగా లేదు," అంది. నేను నేల మీద పలకలు లెక్కపెట్టాను.

శుక్లాలు, రెండు కళ్లలోనూ. బాగా ముదిరాయి. వెలుతురు ఎక్కువైతే కళ్లలో చెదిరి గుచ్చుకుంటుంది, తక్కువైతే ఏమీ ఆనదు. ముందు ఒక కంటికి చిన్న ఆపరేషను, పావుగంట పని, అంది డాక్టరమ్మ.

"నలభై ఏళ్లు ఈ కంటితోనే అన్నం తిన్నాను. దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వను," అంది అత్తయ్య.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు సీటు నాకిచ్చి, తాను నీడలో కూర్చుంది. మూడు స్టాపులు దాటాక తనే మొదలెట్టింది.

"రెండేళ్లయింది. ఆ ఆఖరి ఏడాది స్టూడియోలో ఫోకసు అందాజుగానే పెట్టాను. పదిహేడో ఫోటో చూశావా? అప్పుడే భూతద్దం పెట్టి చూశాను, చెవి స్పష్టంగా ఉంది, కళ్లు లేవు. మీరెవరూ గమనించలేదు గానీ."

నిజంగానే గమనించలేదు.

"పద్దెనిమిదోది మసగ్గా తీసి రెప్పలరాణి చేతిలో పెట్టమంటావా? అది బాగుందే అంటుంది, నాకు తెలుసు. అదే భయం. ఆపరేషను తేడా కొడితే ఇంకా భయం. ఇప్పుడు కనీసం వెలుతురు ఎటు నుంచి వస్తోందో తెలుస్తోంది."

ఏదో ధైర్యం చెప్పాలి. నాకు వచ్చిన ధైర్యం మాటలన్నీ ఆవిడ దగ్గర పనికిరానివే.

"ఆపరేషనయ్యాక కట్టు విప్పితే ఒక్కసారిగా ఎండలో నిలబెట్టరటండీ," అన్నాను. "నల్లకళ్లద్దాలిస్తారట. మొదట గది, తర్వాత హాలు, తర్వాత బాల్కనీ. మూడు రోజులకోసారి కొంచెం పెంచుతారు."

"డాక్టరమ్మ చెప్పిందా?"

"నర్సరీ ఆయన చెప్పాడు."

అత్తయ్య నావైపు తిరిగింది. నా మొహం ఆవిడకు ఎంతవరకు ఆనిందో నాకు తెలియదు. చాలాసేపు అలాగే చూసి, "ఎంత నెంబరు నుంచి మొదలెడతావు?" అంది.

"రెండు నుంచి."

ఆ వారంలోనే ఆపరేషనయింది. మా ఆయనకు విషయం తెలిసిన సాయంత్రం, ఎవరికీ చెప్పకుండా స్టూలెక్కి ఆ సూర్యుడిలాంటి దీపం ఊడదీసి మంచం కింద దాచాడు. పాపం, అది కొన్నది ఆయనే కదా.

నల్లకళ్లద్దాలతో అత్తయ్య మొదట గదిలో, తర్వాత హాల్లో, పదో రోజుకు వంటింటి గుమ్మంలో. అక్కడ నిలబడి కళ్లద్దాలు కాస్త కిందికి దించి చుట్టూ చూసింది.

"ఈ గోడలు తెల్లవా?"

"ఎప్పుడూ తెల్లవే."

"పసుపు రంగు వేయించారని వచ్చిన రోజు నుంచీ మిమ్మల్ని మనసులో తిట్టుకుంటున్నాను." తర్వాత నావైపు చూసింది. "నీకెప్పుడొచ్చాయే ఇన్ని తెల్లవెంట్రుకలు?"

"మీకు కనబడనప్పుడు."

బాల్కనీలో కలబందను కూడా చూసింది. కొత్త ఆకు అప్పటికి జానెడు ఎదిగింది. కళ్లద్దాలు మళ్లీ పైకి తోసుకుని లోపలికి వెళ్లింది. కుండీ కాలిన వైపు యథాప్రకారం గోడకే ఉంది.

వానలు మొదలైన మూడో రోజు మా అమ్మాయి పుట్టినరోజు. పొద్దున జల్లు పడి వెలిసింది. ఉత్తరపు కిటికీ పక్కన స్టూలు, తెల్లగుడ్డ, ఎదురుగా మూడుకాళ్ల మీద కెమెరా. అత్తయ్య పిల్ల గడ్డం కింద మీటరు పట్టుకుని ముల్లు చూసింది. నాకు వినిపించేలా, "ఆరు," అంది. నేను దగ్గరికెళ్లి చూడలేదు.

"నానమ్మా, గడ్డం మీద ఈ మొటిమ చూడు, ఇవాళే లేవాలా దీనికి? తీసేస్తావుగా?"

అత్తయ్య కెమెరా వెనక నుంచి తల బయటికి పెట్టింది. "ఇన్నాళ్లకి ఇప్పుడే కదే నాకు నీ మొహం కనిపించింది. అప్పుడే అందులోంచి ఏదో తీసేయమంటావేం? రెప్పలు పైకి!"

క్లిక్కుమంది. పిల్ల కళ్లు తెరుచుకునే ఉన్నాయి. తడిగా ఉన్నాయి, అది వేరే సంగతి.

"రీల్లో ఇంకొకటి మిగిలింది," అంది అత్తయ్య. "ఆ కలబంద పట్రా."

తెచ్చాను. స్టూలు మీద పెట్టి, అలవాటుగా బాగున్న వైపు కెమెరాకు సర్దాను.

"తిప్పు."

"ఎటు అత్తయ్యా?"

"వేసవంతా నువ్వు గోడకి తిప్పి ఉంచిన వైపు."

నా చెయ్యి కుండీ అంచు మీద ఆగిపోయింది. "మీకప్పుడు... కనబడేది కాదుగా?"

"వేళ్లకి శుక్లాలు రావు," అంది ఫోకసు సర్దుకుంటూ. "మొదటి రోజే తడిమాను. అప్పడంలా ఎండిపోయి ఉంది. ఈవిడ నన్ను ఎందుకడగడం లేదా అని నువ్వూ, ఇది నా అంకెల్ని ఎందుకు నమ్ముతోందా అని నేనూ. బాగా సరిపోయాం. రోజూ తిప్పి ఉంటే ఇలా ఒరిగేది కాదు కదే, పిచ్చిమొహమా."

తిప్పాను. కమిలిన మూడు ఆకులూ వెలుతురులోకి వచ్చాయి. వాటి వెనక నుంచి కొత్త ఆకు, ముదురాకుపచ్చగా, నిటారుగా.

"ఆ, అలాగే. ఇప్పుడు బాగుంది లైటు."

చెయ్యి తీసేలోపే క్లిక్కుమంది. మా గోడ మీద పద్దెనిమిదో ఫోటో పక్కన, మా ఆయన కొట్టిన ఇంకో వంకర మేకుకు ఆ కలబంద వేలాడుతోంది. కుండీ అంచు మీద నావి మూడు వేళ్లు పడ్డాయి. అత్తయ్య తీసేయలేదు.